తిరుగుటపాలో తాళంచెవి

అనగా అనగా, పావురాలే ఉత్తరాలు మోసే కాలంలో, మేఘవరం అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏటి ఒడ్డున ఒక విత్తనాల కొట్టు. నలభై ఊళ్ళవాళ్ళు ఏరువాకకు చల్లుకోవలసిన విత్తనమంతా అందులోనే ఉంది. దాని కాపరి పేరిందేవి. తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది.

పావురాల టపాలో ఒక చిక్కుంది. ఎవరైనా, ఎవరి పేరుతోనైనా రాసి, దాని కాలికి కట్టేయవచ్చు. అడిగితే పావురం, "నేను మోసుకొచ్చానంతే. రాసిందెవరో నాకేం తెలుసు?" అనేది. దాని తప్పేమీ లేదు పాపం.

ఒకనాడు ఒక ఉత్తరం వచ్చింది. "కొట్టు కాపలావారికి. మీపై మహారాజుగారికి అనుమానం కలిగినది. తాలంచెవిని తిరుగుటపాలో పంపనిచో కొరడా దెబ్బలు తప్పవు."

పేరిందేవికి ముచ్చెమటలు పోశాయి. రెండోసారి చదివాక కాస్త కుదుటపడింది. రాసినవాడికి తన పేరూ తెలియలేదు, తాళంచెవి అని తప్పులేకుండా రాయడమూ తెలియలేదు. ఆస్థానంలో ఇలాంటి లేఖకుణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఉత్తరాన్ని పొయ్యిలో పడేసింది.

వారం తిరక్కుండా మరొకటి. "పేరిందేవికి రాణీగారి దీవెనలు. నీ నమ్మకమైన కొలువుకు మెచ్చి ఏడువారాల నగలు ఇవ్వదలచితిమి. గుర్తుగా తాళంచెవిని తిరుగుటపాలో పంపుము."

ఆశ పుట్టలేదా అంటే పుట్టింది. అద్దంలో మెడ కూడా చూసుకుంది. 'రాణీగారు నన్నెప్పుడు చూశారు, మెచ్చుకోవడానికి?' అని తనలో తనే నవ్వుకుని, దాన్నీ పొయ్యిలో వేసింది.

మూడోది జోరువానలో వచ్చింది. ముద్ర సరిగ్గా ఉంది. రాత ముత్యాల్లా ఉంది. కింద మంత్రి సోమదత్తుడి సంతకం.

"అమ్మా పేరిందేవీ, ఎగువన కట్ట తెగింది. పొద్దుగూకేలోగా ఏరు కొట్టును ముంచుతుంది. నువ్వు వెంటనే గుట్ట ఎక్కు. బళ్ళు పంపుతున్నాను. బండివాళ్ళకు ఇవ్వడానికి తాళంచెవిని తిరుగుటపాలో పంపు."

ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ఏరు నిజంగానే పొంగుతోంది. తాళంచెవి పంపకపోతే నలభై ఊళ్ళ విత్తనం నీటిపాలు కావచ్చు, పంపితే దొంగలపాలు కావచ్చు.

"త్వరగా కట్టు తల్లీ. ఆలస్యం చేయొద్దన్నారు" అంది పావురం.

ఆ మాటతో పేరిందేవి ఆగింది. ఉత్తరాలు మూడూ మూడు తీరులు. అడిగింది మాత్రం ఒక్కటే, తాళంచెవి. అదీ తిరుగుటపాలోనే.

"మంత్రిగారి ఇల్లు నాకు తెలుసు. నేనే వెళ్ళి అడుగుతాను" అంది.

తాటాకు గొడుగు పట్టుకుని రెండు కోసులు బురదలో నడిచింది. దారిపొడుగునా భయమే. ఉత్తరం నిజమైతే ఈ ఆలస్యం పాపం తనదే.

మంత్రిగారింట అప్పటికే పొరుగు కొట్టు కాపరి భద్రయ్య నిలబడి ఏడుస్తున్నాడు. ఆయన బాగా చదువుకున్నవాడు, లౌక్యం తెలిసినవాడు.

"కట్ట తెగిందని నిన్న మీ పేరుతో నాకు ఉత్తరం వచ్చిందయ్యా. ముద్ర చూశాను, రాత చూశాను, తాళంచెవి పంపేశాను. గుట్ట దిగి వచ్చేసరికి గాదెలు ఖాళీ" అంటున్నాడు.

పేరిందేవి తనకొచ్చిన ఉత్తరం చూపించింది. మంత్రి చదివి తల అడ్డంగా ఊపాడు. "కట్టా తెగలేదు, నేను ఉత్తరమూ రాయలేదు. ఇంత చక్కటి రాతను దొంగరాతని ఎలా కనిపెట్టావమ్మా?"

"కనిపెట్టలేదయ్యా. తెలియలేదు గనకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను."

ఆ ఏడు భద్రయ్య ఊళ్ళకు కూడా పేరిందేవి కొట్టులోని విత్తనాన్నే సర్దారు. పైరు కాస్త పలచగా వచ్చింది గానీ, ఎవరూ పస్తులుండలేదు.

కనుక పిల్లలూ, ఉత్తరం ఎంత తొందరపెట్టినా వచ్చిన దారినే జవాబు పంపకూడదు. మనకు తెలిసిన దారిన వెళ్ళి, అసలు మనిషినే అడగాలి.