బొటనవేలు దూరే వల

లతీఫ్‌కు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. తను రాసిన చట్టాన్ని జనం లెక్కచెయ్యడం లేదన్నదే అతని దిగులు.

పాలమడుగు అని పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని చుట్టూ మూడు రాజ్యాలు. ఉత్తరపు ఒడ్డు ఒక రాజుగారిది. దక్షిణపు ఒడ్డు నవాబుగారిది. సముద్రం వైపున్న ఇసుక ఒడ్డు ఒక చిన్న దొరవారిది. ఒడ్లు మూడైనా నీళ్లు ఒకటే. ఉత్తరాన పెట్టిన గుడ్డు దక్షిణాన పిల్లై, ఇసుక ఒడ్డు దాకా ఈదుకొచ్చేసరికి చేప అయ్యేది. కొన్నేళ్లుగా ఆ పిల్లలు చేపలు కాకుండానే వలల్లో పడిపోతున్నాయి. ఎవరినడిగినా పక్క ఒడ్డువాళ్ల పేరే చెప్పేవారు.

ముగ్గురు ప్రభువులూ కూర్చుని మాట్లాడుకోవాలనుకున్నారు. ఎవరి దర్బారుకు ఎవరు వెళ్లాలన్న పట్టింపులోనే ఆరు నెలలు గడిచిపోయాయి. చివరకు సరస్సు మధ్యన లంకలో కలుసుకున్నారు. ఆ లంక ఎవరిదీ కాదు. అక్కడ సిరాజ్ బాబా అనే ముసలి ఫకీరు నాలుగు తాటాకు పాకలు వేసుకుని, వచ్చినవాళ్లకు ఇంత అన్నం పెట్టి, అల్లాను తలుచుకుంటూ ఉండేవాడు.

"మాకొక చట్టం చెప్పండి బాబా" అన్నారు ప్రభువులు.

"నాకు వంకాయ కూర వండటం వచ్చు. చట్టాలు మా లతీఫుకు వచ్చు" అన్నాడు బాబా.

లతీఫ్ ఫకీరు కాకముందు కచేరీలో పనిచేసినవాడు. చక్కటి దస్తూరీ. పదకొండు షరతులు రాశాడు. వాటిలో అసలైనది ఒకటే: వల ప్రతి కన్నులోనూ మగవాడి బొటనవేలు సులువుగా దూరాలి. అలా అయితే పిల్లచేప జారిపోతుంది. వేలు దూరని వలను లంక ఒడ్డున అందరి ముందూ కాల్చెయ్యాలి. ముగ్గురూ ముద్రలు వేశారు. ఊరూరా దండోరా వేయించారు. ఆ రోజు లతీఫ్ నడక చూసి వంటవాళ్లు కూడా నవ్వుకున్నారు.

ఏడాది తిరిగింది. చేపలు మాత్రం తిరిగి రాలేదు.

వలలు చూడటానికి ఉత్తరపు ఒడ్డున ఒక కరణాన్ని పెట్టారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి కొత్తగా అల్లుతున్న వలలు చూసి, తప్పు ఒక్కటీ లేదని రాసి పంపాడు. దక్షిణపు ఒడ్డు జమేదారూ అలాగే పంపాడు. ఇసుక ఒడ్డు దొరకు మనుషులు లేరు కనుక ఆ పని లతీఫే నెత్తిన వేసుకున్నాడు. పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు వెళ్లి నిలబడి, నీళ్లోడుతున్న వలలోనే వేలు పెట్టి చూసేవాడు. పదిహేడు వలలు పట్టుకున్నాడు.

"మిగతా రెండు ఒడ్లవాళ్లూ బుద్ధిమంతులు. అబద్ధాలన్నీ ఈ ఇసుక ఒడ్డులోనే పుట్టాయి" అనుకున్నాడు.

పదిహేడింటిలో కొత్తదీ పెద్దదీ పైడమ్మ వల. గురువారం మధ్యాహ్నం ముందుగా దాన్నే కాల్చాలనీ, మిగతా రెండు ఒడ్ల అధికారులూ వచ్చి చూడాలనీ కబురు పెట్టాడు.

సోమవారం పైడమ్మ ఆ వల భుజాన వేసుకుని లంకకు వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఇంట్లో చూపు లేని అత్త. ఆ వలకు నూలు వడకడానికే ఇద్దరికీ ఏడు నెలలు పట్టింది. కళ్లు లేకపోయినా అత్త చేతులు దారం మీద తప్పేవి కావు.

"బాబూ, ఏలు దూరేటట్టే అల్లాను" అంది లతీఫ్‌తో.

లతీఫ్ ఆవిడ ముందే కన్నులో వేలు పెట్టాడు. గోరు దాటి లోపలికి వెళ్లలేదు. "ఇదేమిటమ్మా మరి?"

"అల్లినప్పుడు దూరింది బాబూ. నువ్వు సెప్పినట్టే ప్రతి కన్నూ సూసుకున్నాను. ఆనక దాన్ని..."

"అల్లినప్పుడు దూరిన వేలు ఇప్పుడెందుకు దూరదు? నా వేలు లావెక్కిందా?"

"అది కాదు బాబూ, ఆనక..."

"పదిహేడు మందీ ఇదే పాట. చట్టం అందరికీ ఒకటేనమ్మా. నీ కష్టం చూసి వదిలేస్తే రేపు ఇంకొకరి కష్టం చూడాలి."

పైడమ్మ వల మడిచి మళ్లీ భుజానికెత్తుకుంది. బాబా వంటశాల గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తూ అంతా విన్నాడు. "అన్నం తిని వెళ్లు తల్లీ. మీ అత్తకూ కాస్త కట్టిస్తాను" అన్నాడు. లతీఫ్‌కు అది కొంచెం కష్టంగానే తోచింది. తన పక్షాన ఒక్క మాటైనా అనకూడదా అనిపించింది.

ఆవిడ వెళ్లాక వచ్చి గురువు ఎదుట కూలబడ్డాడు.

"బాబా, వల కాల్చడం చాలదు. పడవ కూడా లాక్కోవాలని ఇంకో షరతు రాస్తాను."

"రాద్దువు గాని. ముందు నాకో పని చేసిపెట్టు లతీఫూ. వంటశాలలో ఎలుకలు గుమ్మడికాయలు కొరికేస్తున్నాయి. పైన వేలాడదీయడానికి ఓ వలసంచీ కావాలి."

"ఊళ్లో కొనుక్కొస్తాను."

"కొన్నది వద్దు. నువ్వు అల్లు. నీ చట్టం ప్రకారమే అల్లాలి సుమా. ప్రతి కన్నులోనూ నీ బొటనవేలు దూరాలి. నా లంకలోనే దొంగవల ఉందని పేరు రాకూడదు."

లతీఫ్ నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

ముడి వెయ్యడం బాబాయే నేర్పాడు. పల్లెవాళ్ల మధ్య నలభై ఏళ్లుగా బతుకుతున్నవాడు, ఆ మాత్రం రాకుండా ఉంటుందా! సోమవారం సాయంత్రానికి లతీఫ్ మూడు కన్నులు అల్లాడు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి.

"ఇది ఎలుకకు గుమ్మంలా ఉంది. ఇది దోమతెరలా ఉంది" అన్నాడు బాబా.

"మీరు అవతలికి వెళ్లండి బాబా. చూస్తుంటే చేతులు ఆడవు."

మంగళవారమంతా కూర్చున్నాడు. చూపుడువేలు బొబ్బలెక్కింది. ఒక వరస సరిగా వచ్చేలోపు రెండు వరసలు విప్పాడు. ఆ చిన్న సంచీకే ఇంత తంటా అయితే ముప్పై బారల వల మాటేమిటని ఒకసారి మనసులో మెదిలింది. మెదిలినదాన్ని పక్కకు నెట్టేశాడు. బుధవారం పొద్దున్నకు సంచీ పూర్తయింది. కన్నులన్నీ ఒక్కలా వచ్చాయి. ఒక్కొక్క దానిలోనూ వేలు దూర్చి బాబాకు చూపించాడు. వేలు చక్కగా దూరిపోయింది.

"భేష్" అన్నాడు బాబా. నిజంగానే ముచ్చటపడ్డాడు. బొబ్బలెక్కిన వేలికి కాస్త వెన్న రాశాడు. "ఇంక దీన్ని ఉడకేద్దాం."

"ఉడకెయ్యడమెందుకు?"

"ఈ ఉప్పుగాలికి పచ్చి నూలు నెల తిరక్కుండా చివికిపోతుంది నాయనా. వల అల్లిన వాళ్లెవరైనా తుమ్మచెక్క కషాయంలో ఒక పూట మరగేస్తారు. అప్పుడు గట్టిపడుతుంది."

సంచీ ఎర్రటి కషాయంలో ఒక పూట మరిగింది. తీగ మీద ఆరింది. గురువారం పొద్దున బాబా దాన్ని తీసి సరస్సులో ముంచి, తడిగానే తెచ్చి లతీఫ్ ఒళ్లో పెట్టాడు.

అప్పటికే ఒడ్డున కట్టెలు పేర్చారు. ఇద్దరు అధికారుల పడవలూ దూరాన కనిపిస్తున్నాయి. లతీఫ్ శుభ్రమైన అంగీ తొడుక్కుని, చట్టం కాగితం చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"వేలు పెట్టు" అన్నాడు బాబా.

పెట్టాడు. దూరలేదు. ఇంకో కన్నులో పెట్టాడు. అదీ అంతే. సంచీని అటూ ఇటూ తిప్పి నాలుగైదు చోట్ల చూశాడు. గోరు దాటి లోపలికి వెళ్లలేదు.

"నేను సరిగ్గానే అల్లాను బాబా! మీరు చూశారు కదా. అల్లినప్పుడు దూరింది."

"పైడమ్మా అదే అంది కదూ" అన్నాడు బాబా, మెల్లగా, పిల్లవాడికి అన్నం కలిపి పెట్టేటప్పటి గొంతుతో.

ఉడికి, నీళ్లలో నానాక నూలు బిగుసుకుపోయిందని లతీఫ్‌కు అప్పుడు తెలిసింది. తడి సంచీ నుంచి అంగీ మీదికి ఎర్రటి నీళ్లు దిగుతున్నాయి. పైడమ్మ రెండుసార్లు 'ఆనక' అంది. రెండుసార్లూ తనే నోరు మూయించాడు. వల కొలత అంటే పల్లెవాళ్లందరికీ అల్లేటప్పటి కొలతే. వాళ్ల తాతల నాటి నుంచీ అంతే. తన షరతుల్లో పదకొండింటికి పదకొండూ వెతికినా వల తడిదా పొడిదా అన్న మాటే లేదు.

పడవలు ఒడ్డుకు తగిలాయి. ముందు ఉత్తరపు కరణం దిగాడు. లావుపాటి మనిషి, మాటకారి.

"ఏం లతీఫ్ మియా, పొయ్యి బాగానే పేర్చావు. మా ఒడ్డున ఇలాంటి అవసరం ఒక్కటీ రాలేదు చూశావా? మావాళ్లకు దైవభక్తి ఎక్కువ."

జనం గుమిగూడారు. పైడమ్మ తన వలను తనే భుజం మీద మోసుకొచ్చి కట్టెల దగ్గర దించింది. ఎవరి మొహమూ చూడలేదు.

లతీఫ్ చేతిలో సంచీ పైకెత్తాడు.

"ఇది నేను అల్లాను. వేలు దూరదు. కాల్చాలంటే ముందు దీన్ని కాల్చాలి."

కరణం పకపకా నవ్వాడు. "నీ కొంప నువ్వే ముంచుకుంటావేమిటయ్యా!"

"కరణంగారూ, మీ పడవలో వల ఉందా?"

"ఎందుకు లేదు? దారిలో మావాళ్లు రెండు విసుర్లు వేశారు కూడా."

"మీ వేలే పెట్టండి."

కరణం దర్జాగా వంగి పెట్టాడు. ఒకసారి పెట్టాడు, మళ్లీ పెట్టాడు. "ఇదేమిటర్రా! నా చేత్తో నేనే చూశాను, మా ఊళ్లో దూరింది!"

వెనకనుంచి ఎవరో ముసలి జాలరి అన్నాడు: "దైవభక్తి ఎక్కువై బిగుసుకుపోయుంటది బాబూ."

నవ్వులు మూడు ఒడ్ల జనం నుంచీ ఒక్కసారే లేచాయి. జమేదారు తన పడవలోని వల దగ్గరికి ఎవరూ చూడకుండా వెళ్లి, వేలు పెట్టి చూసుకుని, ఇంకా ఎవరూ చూడకుండా తిరిగొచ్చాడు.

లతీఫ్ పైడమ్మ దగ్గరికి వచ్చాడు. ఆవిడ వల పైకెత్తి ఆవిడ చేతుల్లోనే పెట్టాడు.

"ఆ రోజు నువ్వు చెప్పబోయింది వినలేదమ్మా. ఇప్పుడు చెప్పు. తడిసి బిగిశాక కూడా నా వేలు దూరాలంటే ఎంత వదులుగా అల్లాలి?"

పైడమ్మ ఆవేళ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "ముందే అడిగుంటే సెప్పేదాన్ని కదా బాబూ! దండోరావాడు ఏలు దూరాలన్నాడు, దూరేటట్టు అల్లాం. సేపపిల్లలు పోవాలని మాకు మాత్రం ఉంటదా? రేపు తినేది మా పిల్లలే కదా." అతని బొటనవేలు పట్టుకుని, పక్కన తన చిటికెనవేలు ఆనించింది. "ఇంత. కొత్త వల మొదట్లో ఇంకాస్త బిగుసుద్ది."

"మరి ఇప్పుడున్న వలలు?"

"సేపపిల్లలు తిరిగే రెండు నెలలూ లోతులోకి రానివ్వకు. మమ్మల్నీ, ఆళ్లనీ." కరణం వైపు గడ్డంతో చూపించింది. "మా ఒడ్డు మీద ఆళ్లని కాపలా ఉండమను. ఆళ్ల ఒడ్డు మీద మేముంటాం. సొంతూరోడు సూస్తే ఏలు ఎప్పుడూ దూరుద్ది."

ఈసారి కరణం కూడా నవ్వేశాడు. నవ్వి, "మంచి మాటే, మా రాజుగారికి చెబుతాను" అని ఒప్పుకున్నాడు.

కట్టెలు వృథా ఎందుకని బాబా వాటి మీదే పెద్ద గుండిగ ఎక్కించాడు. మూడు ఒడ్లవాళ్లూ ఎండలో పడి వచ్చారు, ఆకలితో ఉంటారు అన్నాడు. బియ్యం కడగడానికి జమేదారు మనుషులే సాయం పట్టారు.

అన్నం ఉడికే వేళకు లతీఫ్ అక్కడ లేడు. మోకాళ్ల లోతు నీళ్లలో అంగీ ఎగదోపుకుని, పైడమ్మ వల ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొస పట్టుకుని ఆవిడ ఒక్కొక్క కన్నే సాగదీసి చూపిస్తూ ఏదో చెబుతోంది. అతను మధ్యలో మాట్లాడకుండా తల ఊపుతున్నాడు. చట్టం కాగితం ఇసుకలో ఒక రాయి కింద ఉంది.

కరణం ఆ వైపు చూసి బాబాను అడిగాడు: "ఇంతకీ బాబా, చట్టం రాస్తున్నది మీ శిష్యుడా, ఆ పల్లెమనిషా?"

బాబా గుండిగలో గరిట తిప్పుతూ అన్నాడు:

"చెయ్యి తడిసినవాళ్లు, నాయనా."