పేరయ్య గారు ముట్టుకోని లాప్‌టాప్

మస్తానయ్య గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఒంగోలులో ఆయన దగ్గర కంప్యూటర్ల మరమ్మతు నేర్చుకునే శిష్యుల్లో ఎవరైనా ఏదైనా అడిగితే, చేతిలో పని ముగించుకుని, ఆ అడిగినవాడికే ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలో ఎక్కడో దొరికేది.

ఒకనాడు గిరిధర్ అనే శిష్యుడు ఆయన్ని అడిగాడు. "గురువుగారూ, చేసిన తప్పు నా చేతులతోనే సరిదిద్దాను. ఇంక దాన్ని వాళ్ళకి చెప్పుకోవడం దేనికి?"

సంగతేమిటంటే, కాలేజీలో పాఠాలు చెప్పే వకుళ తన లాప్‌టాప్‌లో కొన్ని అక్షరాలు పడటం లేదని తెచ్చి ఇచ్చింది. గిరిధర్ కీబోర్డు మార్చాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఫర్మ్‌వేర్, అంటే యంత్రం మేలుకోగానే మొట్టమొదట చదువుకునే ఆదేశాలు, పాతబడిందని తెర మీద కనబడింది. ఎవరూ అడగకుండానే కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాడు. బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, ఛార్జరు పిన్ను వదులుగా ఉంది. అదేమీ చూసుకోకుండా టీకి వెళ్ళాడు. వచ్చేసరికి, కరెంటు అందక ఎక్కించడం సగంలో ఆగిపోయి, తెర నల్లగా ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు.

సరిగ్గా అప్పుడే వకుళ ఫోను చేసింది. గిరిధర్ నోటికి నిజం రాలేదు. లాప్‌టాప్ వెలగడం లేదని, లోపల ముందే దెబ్బతిని ఉందని, ఇంట్లో ఎవరో అది నడుస్తుండగా వైరు లాగేసి ఉంటారని అన్నాడు. ఆమె తన మామగారు కూడా దాన్ని వాడతారని మాత్రం చెప్పి పెట్టేసింది.

తర్వాత గిరిధర్ తిండి కూడా మరిచి కూర్చున్నాడు. యంత్రం విప్పి, ఆ ఆదేశాలుండే చిన్న చిప్పుకి క్లిప్పు తగిలించి, మంచి ప్రతి తెచ్చి మళ్ళీ ఎక్కించాడు. ఒక పట్టాన కుదరలేదు గాని, చివరికి మూడో రోజున తెర వెలిగింది. అప్పుడే గురువుగారి దగ్గరికి వచ్చి, జరిగిందంతా దాచకుండా చెప్పి, ఆ ప్రశ్న వేశాడు.

మస్తానయ్య గారు చేతిలో ఉన్న స్క్రూ బిగించడం ముగించారు. ఆ లాప్‌టాప్‌ని గిరిధర్‌నే స్వయంగా వకుళ వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నారు.

వకుళే తలుపు తీసింది. ముందుగదిలో ఆమె మామగారు పేరయ్య గారు చెమటతో తడిసిన బనీనుతో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నెత్తిమీద ఫ్యాను ఆగి ఉంది. వకుళ స్విచ్ వేస్తూ, కరెంటు ఉంది కదా, వేసుకోకపోయారా అంది.

"ఎందుకమ్మా, నా చెయ్యి పడితే మళ్ళీ ఏమవుతుందో," అన్నారాయన.

చూపు మందగించిన ఆయన రోజూ పొద్దున్నే ఆ లాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని పేపరు చదివేవారట. వైరు లాగింది ఆయనేనని తను నాలుగు మాటలు అన్నానని, ఆనాటి నుంచి ఆయన ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోవడం లేదని వకుళ గొంతు తగ్గించి చెప్పింది. పేరయ్య గారు లేచి గిరిధర్‌కి నమస్కారం పెట్టారు. "నావల్ల నీకు చాలా శ్రమ కలిగింది బాబూ."

తన తాత వయసు మనిషి చేతులు జోడించి నిలబడితే గిరిధర్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. లాప్‌టాప్‌ని ఆయన ఎదురుగా బల్ల మీద పెట్టాడు.

"మీరేం చేయలేదండీ. చెడగొట్టింది నేను. మీ మీదికి నెట్టింది కూడా నేనే."

వకుళ అతన్ని ఏమైనా అంటుందనుకున్నాడు. ఆమె అతని వంక చూడనేలేదు. మామగారి వంక చూసి, కళ్ళు దించుకుంది. పేరయ్య గారు సరేలే అన్నట్టు తల ఊపి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

గిరిధర్ తిరిగొచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. నిజం చెప్పేశానన్నాడు. ఎదురుగా పెట్టినా పెద్దాయన మాత్రం దాన్ని ముట్టుకోలేదన్నాడు.

మస్తానయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రేపు పేపరు చదివే వేళకి వెళ్ళు. ఆయన పక్కన కూర్చో. లాప్‌టాప్ మాత్రం నువ్వు తెరవకు, ఆయన్నే తెరవనీ."