ఎర్రప్పడు దాచిన నొప్పి

విజయనగరం దగ్గర ఒక పల్లెలో ఎర్రప్పడు అనే తప్పెటగుళ్ల గురువు ఉండేవాడు, ఒంట్లో బాధ ఉందని చెప్పుకోవడం అతనికి మహా నామోషీ. తప్పెటగుళ్లంటే రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, ఎగిరి ఆడే ఆట.

యాభై అయిదో ఏట, ఆడుతుండగా అతనికి తొడలు, పిక్కలు పట్టేయడం మొదలైంది. కాసేపు నిలబడితే తగ్గేది. అందుకని నొప్పి రాగానే గెంతడం ఆపి, చేయెత్తి, పాటను సాగదీసేవాడు. అదో కొత్త భంగిమ అనుకుని జనం చప్పట్లు కొట్టేవారు. దళంలో కుర్రాళ్లు కూడా అక్కడే ఆగి చేయెత్తడం నేర్చుకున్నారు!

కనిపెట్టింది భార్య పైడమ్మ ఒక్కతే. "సంతకెళ్లొచ్చే దారిలో నాలుగుసార్లు ఆగావు. ఏటి మావా అది?" అని, పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది.

"ఎంత దూరం నడిస్తే నొప్పి వస్తోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాకేటమ్మా! రెండు కోసులు నడిచినా అలుపుండదు. మోకాళ్లు కాస్త లాగుతాయంతే."

"చుట్ట కాలుస్తారా?"

"ఎప్పుడో ఒకటి." రోజుకు ఎనిమిది కాల్చేవాడు!

పైడమ్మ నోరు తెరవబోతే గుడ్లురిమాడు. డాక్టరమ్మ మోకాళ్ల నొప్పికి మాత్రలిచ్చి పంపింది.

ఏడాది తిరిగేసరికి కుడికాలి బొటనవేలి మీద పుండు పడింది. మానలేదు, నల్లబడింది. అప్పుడు పెద్దాసుపత్రిలో అసలు సంగతి తేలింది. గుండె నుంచి బయలుదేరిన పెద్ద రక్తనాళం పొట్టలోకి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది కదా? ఏళ్ల తరబడి కాల్చిన చుట్టల వల్ల అతనికది పొట్టలోనే ఇరుకైపోయి, కాళ్లకు రక్తం చాలడం లేదు. డాక్టర్లు పొట్ట కోయలేదు. తొడ మొదట్లోని నాళం గుండా ముడిచిన సన్నని జాలీగొట్టాన్ని పంపి, ఇరుకైన చోట విప్పారు. దాన్నే స్టెంట్ అంటారు. రక్తం పారింది, పాదాలు వెచ్చబడ్డాయి. వేలు మాత్రం అప్పటికే చచ్చిపోయింది. తీసేశారు.

ఎర్రప్పడు చుట్ట మానేశాడు. ఊరి చుట్టూ ఆగకుండా నడిచేవాడు. కాని బొటనవేలు లేక, ఎగిరి తిరగబోతే కాలు నిలిచేది కాదు. గౌరమ్మ పండుగనాడు దళం ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూశాడు. కూర్చున్నచోటే అతని మడమలు తాళానికి నేలను కొడుతూనే ఉన్నాయి.

"కాళ్లకి పేణం వచ్చింది కదా మావా, ఇంకేటి దిగులు?" అంది పైడమ్మ.

"చచ్చుబడి ఉన్నన్నాళ్లూ ఊరుకున్నాయే. ఇప్పుడు ఆడతామంటున్నాయి" అన్నాడు ఎర్రప్పడు, చూపు తిప్పకుండా.

చూశారా పిల్లలూ, వైద్యుడు అడిగినప్పుడు నొప్పిని దాచకూడదు. ఆలస్యంగా అందిన వైద్యం మనిషిని నిలబెడుతుంది కాని, పోగొట్టుకున్నదాన్ని తెచ్చి ఇవ్వలేదు.