ఒదుగు మండపం

శ్రీ చెన్నకేశవస్వామి దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా తల వంచి ఒదుగు మండపంలోకి ప్రవేశిస్తారు. దాని కప్పు కింద ఎవరూ నిలబడలేరు. ఎంతటివారైనా నేల మీద కూర్చోవలసినదే.

పూర్వం ఇక్కడ ఎత్తైన మండపం ఉండేది. ఈ సీమను ఏలిన ఎర్రమ నాయకుడు అరుగు మీద ఆసీనుడై తగవులు తీర్చేవాడు. పెద్దలు ఆయన సరసన కూర్చునేవారు. మొర చెప్పుకొనేవారు దూరంగా, ఎండలో, జనం సందడి నడుమ నిలబడి అరవవలసి వచ్చేది.

ఒక కరువు ఏట ఎగువ ఊరివారు వాగుకు అడ్డంగా గట్టు వేశారు. దిగువ ఊరి తరఫున సింగమ్మ అనే వృద్ధురాలు కొందరిని వెంటబెట్టుకుని వచ్చి మొరపెట్టుకుంది. అరుగు మీదివారికి “గట్టు” అన్న మాట ఒక్కటే వినబడింది. ఎగువ ఊరి పెద్ద బసవయ్య, వీరు గట్టు తెంచడానికే వచ్చారని చెప్పాడు. నాయకుడు వారిని వెళ్ళగొట్టించాడు. దిగువన పైరు మాడింది, పశువులు చచ్చాయి, కొన్ని కుటుంబాలు ఊరు విడిచాయి.

ఒకనాటి వేకువన స్వామి నాయకునికి కలలో కనిపించి, “నా ముంగిట నాకంటే ఎత్తున కూర్చున్నావు. ఆమె మాట నాకు వినబడింది, నీకు వినబడలేదు. దిగు” అని ఆనతిచ్చాడు. నాయకుడు అరుగు తీయించి, కప్పు దించి కట్టించాడు. రెండు ఊళ్ళవారినీ పిలిపించి, తానూ వారి నడుమ నేల మీద కూర్చున్నాడు.

బసవయ్య ఇష్టం లేకుండానే వంగి లోపలికి వచ్చాడు. సింగమ్మ ఎదుట మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గరగా కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడామె అరవలేదు.

“గట్టు తెంచమని నేననలేదు నాయనా. రాత్రిపూట తూము ఎత్తమన్నాను. పగటి నీళ్ళు మీవే.”

బసవయ్య మెల్లగా, “వెనుకటి గట్టు తెగినప్పుడు మా తమ్ముడు కొట్టుకుపోయాడమ్మా. ఆ మాట వింటేనే నాకు భయం” అన్నాడు.

ఆ సంగతి సింగమ్మకు అంతవరకు తెలియదు. ఆమె అతని చేయి పట్టుకుంది. ఆ సాయంత్రమే తూము ఎత్తారు. ఊరు విడిచినవారు మాత్రం తిరిగి రాలేదు.

నేటికీ మనస్పర్థలున్నవారు ఈ మండపంలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే పాత్రలోని తీర్థం పుచ్చుకుని మాట్లాడుకుంటారు. అట్టివారి ఇళ్ళలో పగ నిలువదని పెద్దల వాక్కు. ఏటా కార్తికమాసంలో ఒకనాడు, ఆ కరువులో వలసపోయినవారి సంతతివారు ఇక్కడికి వస్తారు. ఆనాడు వారిని స్వామికి దగ్గరగా కూర్చుండబెట్టి, వారు చెప్పదలచినది చెప్పి ముగించేవరకు రెండు ఊళ్ళవారూ నోరు మెదపరు.