వరసలు కలిపిన పునుగుపిల్లి

అనగనగా ఒక అడవి. ఎక్కడుందని నన్నడక్కండి పిల్లలూ, మా వీధి మలుపులోనే దారి తప్పేవాణ్ణి నేను. ఎండాకాలం వస్తే ఆ అడవిలో నీళ్లుండేది ఒక్క గుహలోనే. గుహకి మూడు తలుపులు. మొదటి తలుపు దగ్గర కొండముచ్చు కాపలా. అక్కడి తొట్టిలో ఎవరైనా తాగొచ్చు. రెండో తలుపు దగ్గర సూదయ్య అనే ముళ్లపంది. కాలవ బాగుచేసేవాళ్లు తప్ప ఇంకెవరూ అది దాటకూడదు. మూడో తలుపు వెనక ఊట. దాని నోటి మీద ముసలి తాబేలు. అతను లేస్తే నీళ్లు పారతాయి, కూర్చుంటే ఆగుతాయి. ఎప్పుడు లేవాలో చెప్పే అధికారం ఏనుగమ్మది.

సూదయ్య మంచివాడే గాని మొహమాటస్థుడు. ఒళ్లంతా ముళ్లున్నా ఎవర్నీ గుచ్చి అడగలేడు. వరస పెట్టి పిలిస్తే చాలు, కరిగిపోతాడు.

ఒకరోజు గోరింక గుహ లోపల్నించి ఎగిరొచ్చి అతని ఎదుట వాలింది.

"మావయ్యా, పొద్దున నీ చెల్లెలి కూతుర్నని చెప్పి లోపలికెళ్లాను. అసలు నీకు చెల్లెలుందా?"

సూదయ్య ఆలోచించాడు. "లేదు."

"ఉన్నా, దానికి రెక్కలున్న పిల్ల పుడుతుందా? నేను వెళ్లగలిగానంటే ఇంకెవరైనా వెళ్లగలరు. ఈ కంత పూడ్చుకో."

సూదయ్యకి కంత సంగతి కన్నా నవ్వులపాలయ్యానన్న బాధే ఎక్కువైంది. చుట్టాల్ని గుమ్మంలో నిలబెట్టి ఏం పనని అడిగితే బాగుండదన్నాడు. వానలు పడ్డాక చూద్దామన్నాడు. గోరింక మళ్లీ చెప్పబోతే ముళ్లు లేపి అటు తిరిగి కూర్చున్నాడు.

వానల కన్నా ముందు జవ్వాజి అనే పునుగుపిల్లి వచ్చాడు. తొట్టి చుట్టూ ఆకులు ఊడుస్తాను బాబాయ్ అంటే కొండముచ్చు సరేనన్నాడు. ఊడవడం వరకే సుమా అని కూడా అన్నాడు. జవ్వాజి తోకతో నాలుగాకులు తోసి, రెండో తలుపు దగ్గరకొచ్చాడు.

"బాగున్నావా పెదనాన్నా? బయటున్నది మా బాబాయే."

కొండముచ్చుని సూదయ్య తమ్ముడూ అని పిలుస్తాడు. తమ్ముడు వీడికి బాబాయైతే తను పెదనాన్నే కదా. వరస కుదిరింది. ఏం పని మీద వచ్చావన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి తలుపు తీశాడు.

తాబేలుని సూదయ్య బాబాయ్ అంటాడు. అది తెలిసిన జవ్వాజి మూడో తలుపు దగ్గర తాతయ్యా అన్నాడు. పెదనాన్నే పంపాడన్నాడు. ఇకనించి ఎప్పుడు లేవాలో నేనే చెబుతానన్నాడు. మనవడాయె, తాబేలు సరేనని కూర్చున్నాడు.

మీ నాన్న ఫోన్లో దీపం వెలిగించడానికని చేరిన యాప్ కూడా ఒక్కోసారి ఇలాగే వరసలు కలుపుకుంటూ లోపలి గది దాకా పోతుంది పిల్లలూ. తలుపు పగలదు, చప్పుడు రాదు.

తొట్టి ఎండిపోయింది. నీళ్లు కావాలంటే తేనె తెచ్చి, జవ్వాజిని దొరా అని పిలవాలట. లేడిపిల్లలు ఎండిన తొట్టిని నాకుతున్నాయి. ఏనుగమ్మ గుహలో పట్టదు. బయటనించి ఎంత పిలిచినా, మనవడి మాట కాదని లేవనన్నాడు తాబేలు.

సూదయ్య లేడిపిల్లల వైపు చూశాడు. నోరు విప్పితే అడవంతా నవ్వుతుంది, కాపలా ఊడుతుంది. విప్పకపోతే అవి సాయంత్రం దాకా బతకవు.

జవ్వాజికి ఏం పని చెప్పావని కొండముచ్చుని అడిగి, మూడో తలుపు దగ్గరకెళ్లాడు.

"బాబాయ్, వాడు నాకు కొడుకు వరస కాడు. నీకు మనవడూ కాడు. ఎవడివని నేనడగలేదు. అడగటానికి సిగ్గుపడ్డాను."

తాబేలు తల బయటికి చాపాడు. "నువ్వే పంపావన్నాడే? మరి కొండముచ్చు వాణ్ణెందుకు రానిచ్చాడు?"

"ఆకులు ఊడవమన్నాడు, అంతే."

తాబేలు లేచాడు. ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా దూకి, జవ్వాజిని మూడు తలుపులూ దాటించి బురదలో పడేశాయి.

సూదయ్య కాపలా ఊడలేదు. కొన్నాళ్లకి ఏనుగమ్మ తొండం గుహలోకి చాపి, రెండో తలుపు మీద తట్టింది. "ఒరే సూదయ్యా, నేనురా."

సూదయ్య తలుపు తీయలేదు. "దండాలమ్మా. ఏం పని మీద?"



"తాబేలుకి తామరతూడు తెచ్చాన్రా."

"ఇలా ఇవ్వండమ్మా, నేనందిస్తాను."

తొండం తామరతూడు అతని ముందు పెట్టి, మెల్లగా వెనక్కి వెళ్లింది.

నీతి: ఆప్యాయంగా పిలిచినంత మాత్రాన అధికారం రాదు, ప్రతి తలుపూ ప్రతివాణ్ణీ కొత్తగా అడగాలి. కంత చూపించినవాడి మీద అలిగితే, అది ఇంకొకడికి దారవుతుంది.