జల్లుకొండ మీద పలికిన తల్లి

జల్లుకొండ గుడికి ఏడు మలుపులు. శ్రావణంలో ఒక్క మలుపూ పొడిగా ఉండదు. తెల్లవారగానే బయలుదేరితే చీకటి పడకముందే దిగిపోవచ్చు. గర్భగుడిలో అమ్మవారిని మొదటిసారి చూసినవారు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేస్తారు. అందుకు సిగ్గుపడనక్కరలేదు, అర్చకులమైన మాకూ మొదట్లో అలాగే అయింది. ఈ తల్లి నోరు పెద్దగా తెరిచి, ఎవరినో కేకవేస్తున్నట్టు ఉంటుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఇంకా రెండు మలుపులు పైన, శిఖరం మీద ఒక పసుపు రాయి మాత్రమే ఉండేది. నోరు విప్పకుండా ఎక్కి దిగినవారి మొక్కే చెల్లుతుందని జనం నమ్మేవారు. కొండ కింది పల్లెలో సన్యాసమ్మ కూతురు పైడమ్మకు ముగ్గురు బిడ్డలు పుట్టి పోయారు. నాలుగో బిడ్డ నిలిస్తే, ఏడాది నిండగానే తానూ పైడమ్మా మౌనంగా కొండెక్కి దిగుతామని సన్యాసమ్మ మొక్కుకుంది. ఒక్క మాట జారినా మనవరాలు దక్కదని ఆమె భయం. ఆ భయాన్ని కూతురికీ అంటించింది.

ఏడాది నిండిన ఆడబిడ్డను తండ్రికి అప్పగించి ఇద్దరూ కుండపోత వానలో బయలుదేరారు. కూతురు ముందు, తల్లి వెనుక. పైడమ్మ శిఖరం చేరి, రాయికి పసుపు రాసి వెనుదిరిగి చూస్తే తల్లి లేదు. చేత్తో నోరు మూసుకుని వెతుక్కుంటూ దిగింది. ఏడో మలుపు దగ్గర దారి అంచు విరిగిపోయి ఉంది. తల్లి మోస్తున్న కొబ్బరికాయ బురదలో పడి ఉంది.

ఇంట్లో బిడ్డ, ఇక్కడ తల్లి. ఎవరిని వదులుకోవాలి? ఆలోచించేలోపే నోరు తెరుచుకుంది.

"అమ్మా! ఏటైపోనావే?"

తన గొంతు విని తానే కొయ్యబారిపోయింది. అంతలో కింద నుంచి జవాబు వచ్చింది.

"ఇక్కడున్నాను, రాయే."

గొంతు వచ్చిన వైపు పాకుతూ దిగింది. బండ చీలికలో వేరు పట్టుకుని తల్లి వేలాడుతోంది. ప్రాణం పోతున్నా కేక బయటికి రాకూడదని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మరి పలికిందెవరు? పైడమ్మ తలెత్తింది. తల్లికి పైనున్న బండలో నోరు తెరిచిన ముఖం ఉంది.

పైకి లాగి కొంగు తీయగానే సన్యాసమ్మ గుండెలు బాదుకుంది.

"ఎందుకు పిలిసినావే? పిల్ల పోనాదే."

ఇద్దరూ పడుతూ లేస్తూ ఇల్లు చేరారు. పిల్ల పొయ్యి ముందు కూర్చుని మూతినిండా పూసుకుని బూడిద తింటోంది. సన్యాసమ్మ అక్కడే చతికిలబడింది. మర్నాడు ఆమె కునుకులో అమ్మవారు కనిపించి కోప్పడింది.

"జారిపడినా అరవకూడదని నేనడిగానా?"

నాటి నుంచి ఈ కొండ మీద మౌనవ్రతం నిషిద్ధం. ఏడో మలుపులోని ఆ బండ చుట్టూనే గుడి కట్టారు. ప్రతి మలుపులో ముందు నడిచేవారు పిలవాలి, వెనుకవారు "ఉన్నాను" అనాలి. అలా ఎక్కిన కుటుంబాల బిడ్డలను అమ్మ చల్లగా చూస్తుంది.

తల్లిని పోగొట్టుకున్నవారూ ఒంటరిగా వస్తారు. వారు "అమ్మా" అని పిలిస్తే వెనుక నడిచే ముక్కుమొహం తెలియనివారెవరో "ఉన్నాను" అంటారు. ఆ మాట విని దారిలోనే కూలబడి ఏడ్చేవారిని మేము ఏటా చూస్తున్నాం. భక్తులు వారిని తోసుకుపోక, వారు లేచేదాకా వానలోనే కాసేపు ఆగవలసిందిగా మనవి.