లోపలే గడ్డకట్టిన జిగురు

గానుగ చుట్టూ తిరిగీ తిరిగీ వీరన్న అనే ముసలి ఎద్దుకు వెనకకాలి నరాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. ఎద్దుకు నడకే బతుకు. కుంటితే యజమాని సంతకు తోలేస్తాడు, సంతలో ముసలి ఎద్దును కొనేది కసాయివాడే. ఆ భయంతో పాపం వీరన్నకు మేత కూడా సయించడం లేదు.

ఊరి పొలిమేరలో నక్క జంబయ్య కొత్త వైద్యం మొదలుపెట్టాడు. ఏదుపంది ముల్లుతో ఉబ్బిన నరంలోకి చెట్టుజిగురు ఎక్కిస్తే, నరం లోపలే అతుక్కుని వాపు తీస్తుందట. మేతకు వదిలిన వేళ వీరన్న అక్కడికి పోయాడు. పక్క గుంజ ఎద్దు కోటప్ప తోడు వచ్చాడు.

"ఇదివరకెప్పుడైనా జిగురు నీ ఒంటికి పడలేదా?" అడిగాడు జంబయ్య.

"అబ్బే, అలాంటిదేం లేదు బావా" అన్నాడు వీరన్న.

కోటప్ప ఊరుకోలేదు. "అదేందిరా! పోయినేడు గిట్ట పగిలితే జిగురు పట్టీ వేశారు. ఒళ్లంతా దద్దుర్లు లేచి గోడకు రాసుకున్నావుగా!"

"అవి దోమకాట్లు లేరా" అని వీరన్న కసిరాడు.

జంబయ్యకు అనుమానం రాకపోలేదు. ఓ చుక్క చెవి వెనక పూసి నాలుగు రోజులు ఆగితే తేలిపోయేది. కానీ బయట వైద్యానికొచ్చిన బర్రెలు వరస కట్టి చూస్తున్నాయి. వాటి ముందు తటపటాయిస్తే పరువేం కాను? రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు ఇద్దరికీ కుదిరింది. జంబయ్య ముల్లు అందుకున్నాడు.

మర్నాటికి వాపు అణిగింది. వీరన్న కోడెలా నడిచాడు.

"నీ మాట వింటే ఈపాటికి సంతదారి పట్టేవాణ్ణిరా" అని కోటప్పను ఆటపట్టించాడు.

ఆ సంబరం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. నరం పొడవునా తోలు ఎర్రగా కందింది. ఒకటే దురద, మంట. గీరుకున్న చోటల్లా పుండు పడింది. వీరన్న కుంటుకుంటూ జంబయ్య దగ్గరకు పోయాడు.

"బావా, నీకు దండం పెడతా, ఆ జిగురు తీసెయ్."

"లాగి పారెయ్యడానికి అదేమన్నా తుమ్మముల్లా? నరంలో గడ్డకట్టింది. కోసి తియ్యాలి, ఆ విద్య నాకు రాదు. అయినా నేను అడిగానుగా, నువ్వే లేదన్నావు."

"చావుభయంతో అబద్ధమాడాను బావా. అనుమానం వచ్చి కూడా నువ్వెందుకు పొడిచావు?"

జంబయ్య ముఖం తిప్పుకుని తర్వాతి బర్రెను పిలిచాడు.

సంతరోజు యజమాని పలుపు విప్పాడు. వీరన్న మొరాయించలేదు, కోటప్ప వైపు ఒక్కసారి చూసి కుంటుతూ నడిచాడు. కోటప్ప కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, ఆ పూట గడ్డి ముట్టలేదు. సంగతి తెలిసిన బర్రెలు ఒక్కొక్కటే జంబయ్య గుమ్మం దిగి వెళ్లిపోయాయి.

రోగి దాచినా, వైద్యుడు చూసీ చూడనట్టు వదిలేసినా, ఒళ్లు మాత్రం అబద్ధమాడదు.